అందరికీ గుప్పుమనే సెంటు నాకు మాత్రం ఎందుకు తెలీట్లేదు పిన్నీ?

ఉత్తరం:

పిన్నిగారూ, నమస్తే. మాది ఇచ్ఛాపురం, పెళ్లయ్యాక బరంపురం వచ్చేశాను, వయసు 27. మా అత్తగారి పుట్టింటివాళ్లు ఛత్రపురం వైపు మొగలిపూల బట్టీ నడిపేవారు, అంచేత ఈ ఇంట్లో అందరి ముక్కూ మహా పదును, గుమ్మంలోకి వస్తూనే ఏ నూనె ఏ అగరొత్తి అని చెప్పేస్తారు. నా గొడవేంటంటే కొన్ని సెంట్లు నాకు అస్సలు వాసన రావు. బట్టలకి ఆఖర్న వేసే కండిషనర్ ఉంటుంది కదా, నాకేమీ తెలీక రెండు మూడు మూతలు పోసేస్తుంటే అత్తగారు "ఏటమ్మా ఇది, తల పగిలిపోతంది, సీసా అంతా పోసీసేవేటి" అంటారు. మొన్న పెళ్లిరోజుకి మా ఆయన వైట్ మస్క్ సెంటు తెచ్చారు, ఖరీదైనదే. కొట్టుకుంటే ముందు కాస్త నిమ్మతొక్క వాసన వచ్చింది, పది నిమిషాలకి ఏమీ లేదు, "ఇది ఆగట్లేదండీ, డూప్లికేటేమో" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది, ఆయనకేమో సాయంత్రం దాకా నా చీర మీద వస్తూనే ఉందట. ఇంటర్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు కూడా రూమ్మేట్స్ బాడీ స్ప్రే తగ్గించుకోమనేవాళ్లు. మా అమ్మ కూడా నాలాగేనేమో అని ఇప్పుడు అనుమానం. 2021లో కరోనా వచ్చినప్పుడు ఒక వారం పది రోజులు ఏ వాసనా తెలీలేదు, తర్వాత అన్నీ వచ్చేశాయి. మల్లెలు, సంపెంగి, ఇంగువ, ఎండుచేపలు, మాడిన పాలు అన్నీ బాగానే తెలుస్తాయి, మొగలిపువ్వు కూడా. "మొగలిపూల వాళ్లింటికి ముక్కులేని వదిన" అని మా మరిది నవ్వుతాడు, సరదాకే అంటాడు గానీ నాకు లోపల కలుక్కుమంటుంది. ఇది జబ్బా? కరోనా వల్ల వచ్చిందా? నాకిప్పుడు ఐదో నెల, పుట్టే బిడ్డకి కూడా వస్తుందా?

సమాధానం:

అమ్మా, నీ మూడు ప్రశ్నల్లో రెండిటికి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వే రాసి నువ్వే గమనించలేదు. జబ్బు కాదు, కరోనా వల్ల కూడా కాదు. ఇంటర్ హాస్టల్లోనే రూమ్మేట్స్ స్ప్రే తగ్గించుకోమన్నారని రాశావు కదా, నీకిప్పుడు 27 అంటే అది కరోనా అనే మాటే ఎవరూ వినని రోజుల సంగతి. పైగా 2021లో పోయినవి అన్ని వాసనలూ, తిరిగొచ్చినవీ అన్నీ. ఇప్పుడు నీకు తెలియనిది ఒకే ఒక్క జాతి వాసన, మస్క్, అంటే కస్తూరి లాంటిది, అది నీకు మొదట్నుంచీ లేదు, లేనిదాన్ని కరోనా ఎక్కడ పట్టుకుపోతుంది చెప్పు.

దీనికో పేరుంది, స్పెసిఫిక్ అనోస్మియా అంటారు, పేరు చూసి కంగారుపడకు. ముక్కు అంతా బాగానే పనిచేస్తూ ఏదో ఒక పదార్థం వాసన మాత్రం తెలియకపోవడం అన్నమాట. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఈ విషయం నాకు ప్రాణం, అందుకే కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదువు.

మన ముక్కులో పైన, ఇంచుమించు రెండు కళ్ల మధ్య ఎత్తున, చిన్న పొర ఉంటుంది. వాసన పట్టే కణాలన్నీ అక్కడే. ఆ కణాల మీద గ్రాహకాలు అని ఉంటాయి, మనుషుల్లో పనిచేసేవి దాదాపు 400 రకాలు. గాల్లో తేలి వచ్చిన అణువు వాటిల్లో కొన్నిటికి తగులుకుంటుంది, ఏవేవి తగిలాయన్న దాన్నిబట్టి ఇది మల్లె, ఇది ఇంగువ అని మెదడు పోల్చుకుంటుంది. ఈ గ్రాహకాల జన్యువులని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరు 1991లో బయటపెట్టారు, దానికి 2004లో నోబెల్ కూడా వచ్చింది. మామూలు వాసనలు ఒకేసారి చాలా గ్రాహకాలకి తగులుతాయి కాబట్టి ఒకటి పనిచేయకపోయినా మిగతావి సర్దుకుపోతాయి, కానీ కొన్ని అణువులు ఒకటో రెండో గ్రాహకాల మీదే ఆధారపడి ఉంటాయి, ఆ ఒక్క గ్రాహకం జన్యువులో చిన్న తేడా ఉందనుకో, ఆ వాసన ఉన్నట్టే తెలీదు. హార్మోనియంలో ఒక్క మెట్టు పలకకపోతే ఆ స్వరం లేని పాటలన్నీ ఎంచక్కా వాయించెయ్యొచ్చు, ఎవరూ పోల్చలేరు, ఆ స్వరం వచ్చే పాట దగ్గరే దొరికిపోతాం. నువ్వు మస్క్ దగ్గర దొరికిపోయావు, అంతే.

ఇలాంటి పలకని మెట్లు మీ మరిదికీ ఉంటాయి, మీ అత్తగారికీ ఉంటాయి, నాకూ ఉంటాయి. ఇది నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదమ్మా. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో ఏ ఇద్దరు మనుషుల్ని తీసుకున్నా వాళ్ల వాసన గ్రాహకాల్లో ఇంచుమించు 30 శాతం వేరుగా పనిచేస్తాయని తేలింది. అంటే నువ్వూ మీ ఆయనా ఒకే గదిలో కూర్చుని ఒకే గాలి పీలుస్తున్నా, ఆ గాల్లో మీ ఇద్దరికీ తెలిసే వాసనలు అచ్చంగా ఒకటి కావు. మిగతావాళ్ల లోటు వాళ్లు రోజూ వాడని వస్తువు దగ్గరెక్కడో ఉంది కాబట్టి బయటపడలేదు, నీదేమో ఖర్మకాలి బట్టల కండిషనర్ దగ్గర బయటపడింది.

ఈ సంగతి ఇవాళ కొత్తగా తెలిసింది కూడా కాదు. 1918లోనే అమెరికాలో బ్లేక్‌స్లీ అనే వృక్షశాస్త్రవేత్త తన దగ్గర పెరిగిన వెర్బీనా పూలు కొన్ని ఎంతో వాసనగా ఉన్నాయంటే, పక్కనున్న అసిస్టెంట్ నాకేమీ రావట్లేదే అన్నాడట, అక్కడితో వదిలెయ్యకుండా ఆయన ఇంకా చాలామందికి చూపించి, ఒకే పువ్వు ఒకరికి వాసన ఒకరికి వాసన కాదు అని రాశాడు. తర్వాత 1967లో జాన్ అమూర్ అనే ఆయన, చెమటపట్టిన సాక్సుల వాసన ఉంటుంది చూడు, ఐసోవలెరిక్ యాసిడ్, అది కొందరికి తెలీదని చూపించాడు, అలా తెలియని వాసనలన్నీ ఏరుకుంటూ పోతే ముక్కు ఎలా పనిచేస్తుందో తెలుస్తుందని ఆయన నమ్మకం. మస్క్ తెలియనివాళ్ల సంగతి కూడా ఆ రోజుల్లోనే బాగా చూశారు, దాని గురించి ఆఖర్న చెప్తాను, నీ బిడ్డ ప్రశ్నకి కావాలి.

ఇప్పుడు మస్క్ దగ్గరికొద్దాం. అసలు కస్తూరి అంటే కస్తూరి మృగం నుంచి వచ్చేది, ఆ జంతువుకి మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద గట్టి రక్షణ ఉంది, కాబట్టి బజార్లో వైట్ మస్క్ అని రాసి అమ్మేదంతా ఫ్యాక్టరీలో చేసినదే. వీటిల్లో గాలక్సోలైడ్ అని ఒకటుంది, సబ్బుపొడుల్లో, కండిషనర్లలో, బాడీ స్ప్రేల్లో ఏళ్ల తరబడి తెగ వాడారు, "ఉతికిన బట్టల వాసన" అని మనం అనుకునే దాంట్లో పెద్ద వాటా దానిదే. ఈ మస్కులన్నీ బరువైన అణువులు. మన ధనియాల్లో ఉండే లినలూల్ అణుభారం 154, గాలక్సోలైడ్‌ది 258. బరువు కాబట్టి నెమ్మదిగా ఆవిరవుతుంది, బట్టని పట్టుకుని రోజంతా ఉంటుంది. నిమ్మ, నారింజ లాంటివి తేలికవి, చటుక్కున వచ్చి చటుక్కున ఎగిరిపోతాయి.

మీ ఆయన తెచ్చిన సెంటు విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. సెంట్లు కలిపేవాళ్లు పైన తేలిక వాసనలు, మధ్యలో పూల వాసనలు, అడుగున ఆగేందుకు మస్కో చందనమో వేస్తారు. నీకు మొదటి పది నిమిషాలు నిమ్మతొక్క తెలిసింది, అది ఎగిరిపోయాక మిగిలింది ప్రధానంగా మస్కే, అది నీకు తెలీదు కాబట్టి నీ మటుకు సీసా ఖాళీ. ఆయనకి అసలు వాసన అప్పుడే మొదలైంది. నువ్వూ నిజమే చెప్పావు, ఆయనా నిజమే చెప్పారు. నకిలీ సరుకు కాదు, నీకు నచ్చకా కాదు. ఈ ముక్క ఆయనకి ఇవాళే చెప్పు తల్లీ, ఆలస్యం చెయ్యకు, ప్రేమగా తెచ్చినదాన్ని డూప్లికేట్ అన్నావన్న బాధ ఆయన మనసులో ఉండిపోతుంది, అసలు కారణం తెలిస్తే ఆ బాధ ఒక్క నిమిషంలో పోతుంది.

మొగలిపువ్వు ఎందుకు తెలుస్తోందీ అంటే అది పూర్తిగా వేరే కథ. గంజాం కేవడా అంటే దేశమంతా పేరు, ఒడియావాళ్లు కియా అంటారు, జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా ఉంది దానికి. మగపువ్వుకే ఆ వాసన, ఆ తెల్లని రేకుల్లో ఉండేదాన్లో ముప్పాతిక వంతు దాకా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పదార్థమే. దాని అణుభారం 136, గులాబీలో ఉండే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్‌కి దగ్గర చుట్టం. దానికి కావలసిన గ్రాహకాలు వేరు, మస్క్‌కి కావలసినవి వేరు. మీ అత్తగారిని అడుగు, బట్టీ దగ్గర దేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలు, నీళ్లు వేసి మూత చుట్టూ మట్టి మెత్తి కింద మంట పెడితే ఆవిరి గొట్టంలోంచి నీళ్లలో పెట్టిన భప్కా అనే పాత్రలోకి ఎలా దిగుతుందో, అత్తరు చెయ్యాలంటే ఆ భప్కాలో ముందే చందనం నూనె ఎందుకు పోసేవారో, ఆవిడ చెప్తుంటే వినాలి. వానాకాలంలో ఆ బట్టీల పక్కనుంచి వెళ్తే మొగలి, కట్టెలపొగ, తడిమట్టి మూడూ కలిసి వస్తాయి, ఆ మూడూ నీకు తెలుస్తాయి. అందుకే నీది ముక్కులేని బతుకు అంటే నేనొప్పుకోను. మొగలిరేకు పట్టుచీరల పెట్టెలో పెట్టుకుని ఏడాది తర్వాత తీసినా వాసన పోల్చగలిగే కోడలు ఆ ఇంటికి చాలు.

క్లాసులో నేను బీటా అయొనోన్ అనే దాన్ని కాగితం ముక్కల మీద చుక్క వేసి పిల్లలకి పంచేదాన్ని. వయొలెట్ పూల వాసనకి మూలం అది, కుంకుమపువ్వులో, టీలో, టమాటాలో కూడా కాస్త కాస్త ఉంటుంది. కొందరు ఆహా అత్తరు అనేవాళ్లు, కొందరు ఛీ వెనిగర్‌లా పుల్లగా ఉంది మేడమ్ అని మొహం తిప్పేవాళ్లు, ఇంకొందరు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూసి అసలేం వేశారు మేడమ్ అనేవాళ్లు. ఒకే సీసాలోంచి తీసిన చుక్క. ఆ తేడాలో ఎక్కువ భాగం ఓఆర్‌5ఏ1 అనే ఒక్క గ్రాహకం జన్యువులోని ఒక్క మార్పు వల్లేనని 2013లో తేల్చారు. అయితే నేను క్లాసులో ముఖ్యంగా చూసింది పిల్లల మొహాలమ్మా, పక్కవాళ్లకి వచ్చిన వాసన తనకి రాకపోతే ఆ పిల్లలు ముందు చేసే పని అబద్ధం చెప్పడం, వస్తోంది వస్తోంది అనెయ్యడం. నువ్వు అలా అనకుండా రావట్లేదు అని ఇంట్లో నిజం చెప్పావు చూడు, అది నాకు చాలా నచ్చింది.

వంటింట్లోనూ ఉంది ఈ గొడవ. కొత్తిమీర కొందరికి సబ్బు వాసన వేస్తుంది, నాటకం కాదు, ఆ ఆకులో ఉండే ఆల్డిహైడ్లు అనే పదార్థాలని వాళ్ల ముక్కు గట్టిగా పట్టుకుంటుంది. పందికొవ్వులో, మనిషి చెమటలో ఆండ్రోస్టినోన్ అని ఉంటుంది, అది కొందరికి మూత్రం కంపు, కొందరికి తియ్యటి వాసన, కొందరికి ఏమీ లేదు. చేపల నీచు వాసన కూడా అందరికీ ఒకేలా ఉండదని 2020లో ఐస్‌లాండ్‌వాళ్లు రాశారు, ఒక జన్యువులో మార్పు ఉన్నవాళ్లకి ఆ నీచు అంతగా తెలీదట. గోపాల్‌పూర్ ఒడ్డున ఎండుచేపల మధ్య నవ్వుతూ కూర్చునేవాళ్లందరిదీ అలవాటే అనుకుంటాం గానీ కొందరిది అదృష్టం కూడా అయ్యుండొచ్చు.

సరే, నా మాట మీద నమ్మకం పెట్టుకుని ఊరుకోవద్దు, ఇంట్లోనే తేల్చుకో. తెల్లటి మందపాటి కాగితం మూడు పొడుగు ముక్కలు కత్తిరించు. ఒకదాని చివర మీ ఆయన ఆ సెంటు ఒక్కసారి కొట్టాలి, మిగతా రెండిటినీ మంచినీళ్లతో తడపాలి, మూడూ ఫ్యాను కింద ఒక గంట ఆరనివ్వాలి. గంట ఎందుకంటే సెంటులో ఉన్న స్పిరిట్, ఆ నిమ్మ వాసన రెండూ పోవాలి, లేకపోతే వాటిని పట్టుకుని నువ్వు కరెక్టుగా చెప్పేసి నాకు మస్క్ వస్తోంది అనుకుంటావు. తర్వాత నువ్వు కళ్లు మూసుకో, ఆయన మూడూ కలిపేసి ఒక్కొక్కటే నీ ముక్కు దగ్గర పెట్టాలి, ఏది సెంటుదో నువ్వు చెప్పాలి. కాస్త ఆగి మళ్లీ. ఒక పదిసార్లు చెయ్యండి, ఆయన నవ్వకూడదు, తప్పు ఒప్పు ముందే చెప్పకూడదు, కాగితం మీద రాసుకోవాలి. గాలికి చెప్పినా పదిలో మూడు నాలుగు కరెక్టు అవుతాయి, కాబట్టి మూడు నాలుగు వస్తే తెలీదనే లెక్క, ఎనిమిది తొమ్మిది వస్తే నీకు సన్నగా తెలుస్తోందన్నమాట. మీ మరిదిని కూడా కూర్చోబెట్టు, ఇంట్లో ఉన్న సెంట్లన్నీ ఒక్కొక్కటిగా ఇలాగే పెట్టండి, దేని దగ్గర ఎవరు తడబడతారో చూద్దాం.

ఇంకో విషయం, ఒక మస్క్ తెలీనంత మాత్రాన అన్ని మస్కులూ తెలీవని లేదు. గాలక్సోలైడ్ రానివాళ్లకి ఇంకో రకం శుభ్రంగా రావొచ్చు, దీనికి తిరగబడి కూడా జరగొచ్చు. కొనేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉంటారని తెలిసే చాలామంది సెంటు కలిపేవాళ్లు రెండు మూడు రకాల మస్కులు కలిపి వేస్తారు. కాబట్టి ఎప్పుడైనా కొనాల్సివస్తే కొట్టగానే ముక్కు దగ్గర పెట్టుకుని కొనెయ్యకు, మణికట్టు మీద వేయించుకుని బజార్లో మిగతా పనులు చూసుకుని ఒక గంటకి మళ్లీ వాసన చూడు, అప్పటికి నీకేది మిగిలి ఉంటే అదే నీది.

ఇక రోజూ ఎలా అంటావా. కండిషనర్‌కి నీ ముక్కుని నమ్మకు, మూతనే నమ్ము. సీసా మీద ఎంత రాసి ఉంటే అంతే, మీ అత్తగారికి తలనొప్పి వస్తోందన్నారు కాబట్టి అందులో సగమే వెయ్యి, బట్టకేం నష్టం లేదు. ఆ సెంటు రెండు స్ప్రేలు, మూడోది వద్దు. అలమర్లోంచి చీర తీసినప్పుడు "అత్తయ్యా, ఎక్కువైందా చూడండి" అని ఆవిణ్నే అడిగెయ్యి. పదునైన ముక్కున్న మనిషి ఇంట్లో ఉండగా నీకెందుకు బెంగ, ఆవిడకీ తన ముక్కు మీద తనకి గర్వం ఉంటుంది, అడిగితే సంతోషిస్తుంది. మీ ఆయన తెచ్చిన సీసా పక్కన పడెయ్యకు, ఆయన కోసం వేసుకో. నీ కోసం మొగలి అత్తరో, చందనమో, సంపెంగి నూనో ఒక చిన్న సీసా తెచ్చుకో, ఊళ్లోనే దొరికేదాన్ని ఎక్కడెక్కడో వెతుక్కోవడం దేనికి.

మరిది మాటకి వస్తే, సరదాకే అంటున్నాడని నువ్వే రాశావు, నేను నమ్ముతున్నాను. అయినా కలుక్కుమంటోందని ఒకసారి నెమ్మదిగా అతనితో చెప్పు. చదువుకున్న కుర్రాడైతే పైన రాసిన 30 శాతం సంగతి చదివించు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లని గుడ్డివాళ్లని పిలవం కదా.

ఈ వాసన మళ్లీ వచ్చే దారి ఉందా అని నువ్వు అడగలేదు గానీ చెప్తాను. 1989లో ఒక ప్రయోగం చేశారు, ఆండ్రోస్టినోన్ వాసన తెలియని 20 మంది చేత ఆరు వారాలపాటు రోజుకి మూడుసార్లు దాన్ని వాసన చూపించారు, వాళ్లలో సగం మందికి అది తెలియడం మొదలైంది. ముక్కులో కణాలు ఎప్పటికప్పుడు కొత్తవి పుడుతుంటాయి, వాటికి అలవాటు చేస్తే కొన్ని వాసనల విషయంలో మార్పు వస్తుంది. మస్క్‌తో నీకు అలాగే జరుగుతుందని మాటివ్వను, జన్యువు పనే పూర్తిగా లేనప్పుడు ఎంత వాసన చూసినా రాకపోవచ్చు. సరదాగా ఉంటే పొద్దున్నా సాయంత్రం ఆ కాగితం ముక్క ఒక నిమిషం వాసన చూస్తూ ఉండు, కానీ ఇప్పుడొద్దు, కాన్పు అయ్యాక. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి వాసనలు కొట్టొచ్చినట్టు తెలుస్తాయి, కొన్నిటికి వికారం కూడా వస్తుంది, ఈ నెలల్లో నీ ముక్కుని దాని మానాన వదిలెయ్యి.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన ముక్క, ఇది నీకే కాదు చదివేవాళ్లందరికీ. పుట్టినప్పట్నుంచీ ఒకటి రెండు వాసనలు తెలియకపోతే పర్లేదు. నిన్నటిదాకా తెలిసినవన్నీ ఉన్నట్టుండి పోయినా, ఒక్క ముక్కుపుటంలోనే పోయినా, తలకి దెబ్బ తగిలాక పోయినా, ముక్కులోంచి రక్తం పడుతున్నా, లేని కాలిన కంపు ఎప్పుడూ వస్తున్నట్టుంటున్నా, పెద్దవాళ్లకి కూరలో రుచే తెలీట్లేదని అంటున్నా, ఇంట్లో కూర్చోకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాలి, బరంపురంలో అయితే ఎంకేసీజీ పెద్దాస్పత్రి ఉండనే ఉంది. జలుబుల తర్వాత, కరోనా తర్వాత వాసన సరిగ్గా తిరిగిరానివాళ్లకి ఒక అభ్యాసం చెప్తారు, గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం ఈ నాలుగూ రోజుకి రెండుసార్లు మూడు నెలలపాటు శ్రద్ధగా వాసన చూడటం, జర్మనీలో థామస్ హమ్మెల్ అనే డాక్టర్ 2009లో దీనివల్ల మేలుందని చూపించాడు. ఖర్చులేని పని.

అమృతాంజనం ఘాటు తెలిసింది కదా ముక్కు బాగానే ఉంది అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు, అది తప్పు లెక్క. ఆ ఘాటు, ఆ చల్లదనం, ఉల్లిపాయ కోస్తే మంట, ఇవన్నీ మొహానికి స్పర్శ ఇచ్చే నరం మోసుకెళ్లేవి, వాసన నరం పూర్తిగా పోయినా తెలుస్తాయి. ముక్కు చూసుకోవాలంటే కాఫీపొడి, వేయించిన జీలకర్ర, వెనీలా ఎసెన్స్ లాంటివాటితో చూసుకోవాలి. వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టన్ అనే కుళ్లు వాసన పదార్థం కలుపుతారు. సిలిండర్ మార్చేటప్పుడు ఆ వాసన పక్కవాళ్లకి వచ్చి నీకు రాకపోతే మాత్రం గోడకి పెట్టే గ్యాస్ అలారం ఒకటి కొనిపించు, ఇందులో మొహమాటం వద్దు. పరీక్ష కోసమని స్టవ్ తిప్పి వదిలెయ్యొద్దు, ఎవరూ.

ఆఖరిది, బిడ్డ సంగతి. మస్కుల్లో పెంటాడెకలాక్టోన్ అనే ఒకదాన్ని తీసుకుని, అది తెలియని కుటుంబాలని చూసి 1973లో విసెల్-బ్యూకీ, అమూర్ ఇద్దరూ రాసిందేంటంటే, ఆ లోటు రిసెసివ్‌గా వస్తుంది, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ జన్యువే అందితేనే బిడ్డకి వాసన తెలీదు, ఒక్కవైపు నుంచి మంచి ప్రతి వస్తే చాలు తెలుస్తుంది. అన్ని మస్కులకీ లెక్క ఇంత నేరుగా ఉంటుందని అనుకోవద్దు. అయినా నీ విషయంలో మీ అమ్మగారిక్కూడా ఇదే ఉందేమోనని నీకు అనుమానం అంటున్నావు, మీ నాన్నగారి వైపు నుంచి కూడా ఒక ప్రతి వచ్చి ఉండొచ్చు, మీ ఆయనకేమో సాయంత్రం దాకా బ్రహ్మాండంగా తెలుస్తోంది. అలాంటప్పుడు బిడ్డకి తెలియడానికే అవకాశం ఎక్కువ. తెలియకపోయినా ఆ బిడ్డకి ఆకలి, నిద్ర, చదువు, ఆట దేనికీ అడ్డం రాదు, నీకు ఈ 27 ఏళ్లలో అడ్డొచ్చిందా? మందులూ టెస్టులూ అక్కర్లేదు, స్కానింగ్‌లో అడగాల్సిన ప్రశ్న కూడా కాదు. మీ అమ్మగారిని మాత్రం ఇచ్ఛాపురం నుంచి పిలిపించి ఆ మూడు కాగితాల దగ్గర ఒకసారి కూర్చోబెట్టు, ఆవిడకి ఎన్ని వచ్చాయో నాకు రాయి.